ముందు సీటు ఖాళీగా ఉంది

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. మున్నేరు పొంగి, నందిగామ సమీపంలోని ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి వచ్చేసింది. హైదరాబాద్, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. ముందురోజు నుంచీ విడవకుండా కురిసిన వాన జగ్గయ్యపేటను ముంచెత్తింది. ఆ వారం ఈ ప్రాంతంలో టీవీ పెట్టినవాళ్ల కళ్లన్నీ బుడమేరు మీద, ప్రకాశం బ్యారేజీ గేట్ల మీదే. సరిగ్గా ఆ రోజుల్లోనే పారిస్‌లో ఒక తెలుగువాడు అంతకుముందు ఏ భారతీయుడూ చేయని పని చేస్తున్నాడు. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ పట్టలేదంటే తప్పు పట్టాల్సింది లేదు. కానీ ఇప్పుడైనా తెలుసుకోవాల్సిన సంగతి అది.

ఆయన పేరు షేక్ అర్షద్. ఊరు నంద్యాల. ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నవాడు. మహారాష్ట్రలోని భండారా జిల్లాకు చెందిన జ్యోతి గడేరియాదీ ఇంచుమించు అదే కథ. పారాలింపిక్స్ సైక్లింగ్‌లో భారత్ తరఫున పోటీపడిన మొట్టమొదటి క్రీడాకారులు వీళ్లిద్దరే. పారిస్ నగరానికి పశ్చిమాన ఉన్న సాన్ కాంతాన్ వెలోడ్రోమ్‌లో చెక్కబల్లల ట్రాక్ మీద, తర్వాత క్లిషీ సూ బువా వీధుల్లో ఇద్దరూ తొక్కారు. సెప్టెంబర్ 4న జరిగిన రోడ్డు టైమ్ ట్రయల్‌లో అర్షద్‌ది 11వ స్థానం, జ్యోతిది 16వ స్థానం. పతకం రాలేదు. అయితే అంతకుముందు ఈ దేశం నుంచి అక్కడిదాకా వెళ్లినవాళ్లే లేరు కదా. ఆ లెక్కన చూస్తే ఆ స్థానాల విలువ అర్థమవుతుంది.

ఇద్దరి వెనుకా హైదరాబాద్ ఉంది. ప్రమాదంలో కాలు కోల్పోయిన హైదరాబాదీ ఆదిత్య మెహతా 2013లో ఆసియా పారా సైక్లింగ్ చాంపియన్‌షిప్‌లో రెండు రజతాలు గెలిచాడు. కృత్రిమ కాలు, సైకిలు, శిక్షకుడు, పోటీలకు వెళ్లే ఖర్చు, ఇవన్నీ సమకూర్చుకోవడం ఎంత కష్టమో స్వయంగా పడి తెలుసుకున్నవాడు గనుక తన పేరుతోనే ఒక ఫౌండేషన్ పెట్టి, దివ్యాంగులకు సైక్లింగ్ నేర్పించడం మొదలుపెట్టాడు. విధి నిర్వహణలో కాళ్లు పోగొట్టుకున్న సరిహద్దు భద్రతాదళం, సీఆర్పీఎఫ్ జవాన్లు అక్కడ శిక్షణ పొందారు. అర్షద్, జ్యోతి ఆ దారినే పారిస్ చేరారు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ పారా సైక్లింగ్‌లో ఉన్న బండ్లు నాలుగు రకాలు. కాలికో చేతికో లోపమున్నా మామూలు సైకిల్ నడపగలిగేవాళ్లది సీ విభాగం, తీవ్రతను బట్టి సీ1 నుంచి సీ5 దాకా. రెండు చక్రాల మీద నిలదొక్కుకోలేనివాళ్లకు మూడు చక్రాల బండి. కాళ్లలో సత్తువ లేనివాళ్లకు చేతులతో తిప్పే హ్యాండ్‌సైకిల్. నాలుగోది బీ విభాగం, చూపులేనివాళ్లది. వాళ్లు తొక్కేది రెండు సీట్ల టాండెమ్ సైకిల్. వెనుక సీటులో అంధ క్రీడాకారుడు, ముందు సీటులో చూపున్న మనిషి. ఆ ముందు మనిషిని పైలట్ అంటారు. ఈ నాలుగో బండి మీద పారాలింపిక్స్‌లో భారత జంట ఒక్కటీ ఇంకా కనిపించలేదు.

చూపులేనివాళ్లలో క్రీడాకారులు లేక కాదు. అంధుల క్రికెట్‌లో భారత జట్టుకు సారథ్యం వహించిన ఇల్లూరి అజయ్‌కుమార్ రెడ్డి మనవాడే, కృష్ణకు ఆవలి గట్టున పల్నాడువాడు. 2023 సంవత్సరానికి ఆయనకు అర్జున అవార్డు వచ్చింది. క్రికెట్‌లో గలగలమనే బంతి చప్పుడు విని ఒంటరిగానే ఆడవచ్చు. టాండెమ్ అలా కాదు. ముందు ఎవరో ఒకరు కూర్చుంటేనే వెనుక కూర్చున్నవాళ్ల ప్రతిభ బయటపడుతుంది. రెండు కళ్లూ బాగున్న, కాళ్లలో దమ్మున్న ఒక యువకుడో యువతో నా జీవితంలో కొన్నేళ్లు ఈ పని మీద పెడతాను అని నిలబడాలి. లోటు అక్కడుంది.

పైలట్ అంటే సాయం పట్టే మనిషి అని మనవాళ్లు అనుకోవడం సహజం. గుడ్డివాణ్ని చేయిపట్టి రోడ్డు దాటించడం పుణ్యకార్యమని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నవాళ్లం. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. పైలట్ కూడా క్రీడాకారుడే. గెలిస్తే ఇద్దరి మెడలోనూ పతకం వేస్తారు, ఇద్దరూ వేదిక ఎక్కుతారు. పారిస్‌లో సిమ్రన్ శర్మ 200 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచినప్పుడు ఆమెతో కలిసి పరుగెత్తిన గైడ్ అభయ్ సింగ్‌కూ పతకం దక్కింది. పరుగులో ఇద్దర్నీ కలిపేది చేతికి కట్టుకున్న చిన్న తాడు. సైకిల్ మీద ఇనుప చైను.

ఆ చైనే టాండెమ్‌కి ప్రాణం. ముందు పెడళ్లనూ వెనుక పెడళ్లనూ కలుపుతూ ఒక చైన్ ఉంటుంది, వెనుక చక్రాన్ని తిప్పే చైన్ వేరే. దాంతో నాలుగు పాదాలూ ఒకే లయలో తిరగాల్సిందే. ముందువాడు కాలు ఆపితే వెనుకవాడి కాలూ ఆగిపోతుంది. హ్యాండిల్ తిప్పడం, బ్రేకు పట్టడం, గేరు మార్చడం అన్నీ పైలట్ చేతిలోనే. వెనుక ఉన్న హ్యాండిల్ కదలదు, అది పట్టుకోవడానికి మాత్రమే. మన పల్లెల్లో ఎడ్ల బల ప్రదర్శన చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఎంత బలమైన ఎడ్లయినా కాడి కింద అడుగు కలవకపోతే బండ కదలదు.

వేగం సంగతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఒకరి వెనుక ఒకరు వంగి కూర్చుంటారు కాబట్టి గాలిని చీల్చుకు వెళ్లేది దాదాపు ఒక్క మనిషి మేరే. బలం మాత్రం ఇద్దరిది. అందుకే చదునైన రోడ్డు మీద, దిగుడులో టాండెమ్ ఒంటరి సైకిల్‌ని దాటిపోతుంది. ఎగుడు వస్తే ఇద్దరి బరువు కిందికి లాగుతుంది. ప్రపంచ స్థాయి పురుషుల జంటలు రోడ్డు టైమ్ ట్రయల్‌లో గంటకు 50 కిలోమీటర్ల దరిదాపుల్లో తొక్కుతాయి. ట్రాక్ మీద ఇంకా ఎక్కువ. టోక్యో పారాలింపిక్స్‌లో బ్రిటన్‌కు చెందిన నీల్ ఫాచీ, పైలట్ మాట్ రోథరమ్ కిలోమీటర్ దూరాన్ని 58.038 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. నిలబడ్డ చోటు నుంచి మొదలుపెట్టి, సగటున గంటకు 62 కిలోమీటర్లు. ఆ ట్రాక్ సైకిల్‌కు బ్రేకులు ఉండవు, పెడల్ తిప్పకుండా వదిలేసే వీలూ ఉండదు. నిటారుగా లేచిన మలుపుల్లో ఇద్దరి బరువునీ మోస్తూ రెండే రెండు సన్నటి టైర్లు. వెనుక కూర్చున్న మనిషికి ఆ మలుపు కనిపించదు. ముందు వీపు ఎటు ఒరిగితే అటే తనూ ఒరగాలి, క్షణం కూడా తడబడకుండా.

ఫాచీ కథలో తెలుగు పాఠకులు ఆగి చూడాల్సిన అంశం ఒకటుంది. ఆయన చూపును తగ్గించింది రెటినైటిస్ పిగ్మెంటోసా. కంటి లోపలి తెర మెల్లగా పాడయ్యే జబ్బు, వంశపారంపర్యంగా వస్తుంది. ముందు రేచీకటి మొదలవుతుంది. తర్వాత పక్కచూపు పోతూ పోతూ చివరికి గొట్టంలోంచి చూసినట్టు నడిమి చూపు ఒక్కటే మిగులుతుంది. మేనరికాలు ఎక్కువగా జరిగే చోట ఇలాంటి జన్యు సంబంధ కంటి జబ్బులు ఎక్కువగా కనిపిస్తాయని కంటి వైద్యులు ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. మేనమామ కొడుకునో, అక్క కూతురినో చేసుకునే అలవాటు మన జిల్లాల్లో ఎంత పాతదో అందరికీ తెలుసు. ఈ జబ్బున్న పిల్లలు పుట్టు గుడ్డివాళ్లు కారు. హైస్కూలుకి సైకిల్ మీదే వెళ్తారు. చీకటి పడ్డాక తొక్కలేకపోతారు. కొన్నాళ్లకు పగలు కూడా పక్క నుంచి వచ్చే బండి కనిపించదు. ఇంట్లోవాళ్లు సైకిల్ తీసి అటక మీద పెట్టేస్తారు. కాళ్లకు తొక్కడం వచ్చు, ఒంటికి బ్యాలెన్స్ తెలుసు, దారి మాత్రం కనిపించదు. టాండెమ్ వెనుక సీటుకి ఇంతకన్నా తగినవాళ్లు ఎవరుంటారు?

ఫాచీ మొదట్లో పరుగువీరుడు. 2008 బీజింగ్ పారాలింపిక్స్‌లో పరుగులో పోటీపడి, ఆ తర్వాత సైక్లింగ్‌కి మారాడు. 2012 లండన్‌లో ఆయనకు పైలట్ బార్నీ స్టోరీ. ఆ స్టోరీ అంతకుముందు బీజింగ్‌లో ఆంథొనీ కాపెస్‌కి ముందు కూర్చుని స్వర్ణం గెలిచినవాడు. లండన్ వచ్చేసరికి కాపెస్‌కి కొత్త పైలట్ దొరికాడు, క్రెయిగ్ మెక్లీన్. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో టీమ్ స్ప్రింట్ రజతం గెలిచిన దిట్ట. కిలోమీటర్ పోటీలో కాపెస్, మెక్లీన్ బండి మొరాయించడంతో వాళ్ల ఆట అక్కడే ముగిసింది, స్వర్ణం ఫాచీ, స్టోరీలకు వెళ్లింది. స్ప్రింట్ ఫైనల్‌లో మళ్లీ అవే రెండు జంటలు ఎదురెదురుగా నిలిచాయి. ఈసారి కాపెస్, మెక్లీన్ గెలిచారు. నిన్నటి పైలట్ నేటి ప్రత్యర్థి. ఒలింపిక్ పతకం ఉన్నవాడు కూడా ఈ సీటును చిన్నదిగా చూడలేదు.

ఐర్లాండ్ ఉదాహరణ మరో రకం. కేటీ జార్జ్ డన్లెవీకీ రెటినైటిస్ పిగ్మెంటోసాయే. ఆమె పైలట్ ఈవ్ మెక్‌క్రిస్టల్ పోలీసు ఉద్యోగి. ఉద్యోగం చేసుకుంటూనే శిక్షణ కొనసాగించింది. ఇద్దరూ 2016 రియోలో టైమ్ ట్రయల్ స్వర్ణం, టోక్యోలో టైమ్ ట్రయల్, రోడ్డు రేసు రెండింట్లోనూ స్వర్ణాలు గెలిచారు. పారిస్‌లో రోడ్డు పోటీలకు వచ్చేసరికి డన్లెవీ ముందు సీటులో లిండా కెల్లీ కూర్చుంది. టైమ్ ట్రయల్ స్వర్ణం మళ్లీ డన్లెవీదే. పైలట్ మారినా క్రీడాకారిణి ఆగిపోలేదంటే, ఆ దేశంలో ముందు సీటుకి సిద్ధంగా ఉన్నవాళ్లు ఒకరికి మించి ఉన్నారన్నమాట. మన దగ్గర లేనిది అదే. ఐర్లాండ్ జనాభా మన ఉమ్మడి కృష్ణా జిల్లాకు కాస్త ఎక్కువ, అంతే.

మరి జగ్గయ్యపేట నుంచో నందిగామ నుంచో ఒక యువకుడు పైలట్ కావాలనుకుంటే ఏం చేయాలి? విదేశీ పోటీకి వెళ్లే దారి ఎలా ఉంటుంది? ఇక్కడి నుంచి హైదరాబాద్ దాకా 200 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం అందరికీ అలవాటే. అసలు ప్రయాణం కాగితాలతో మొదలవుతుంది.

ముందుగా వెనుక సీటు మనిషి సంగతి. మన దగ్గర వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంటే పింఛను వస్తుంది, బస్సు పాసు వస్తుంది. అంతర్జాతీయ పోటీకి అది చాలదు. కంటి డాక్టరు నింపిన వైద్య నివేదికలు, చూపు పరిధి పరీక్ష ఫలితాలు పంపాలి. పోటీ జరిగే చోట వర్గీకరణ నిపుణులు మళ్లీ స్వయంగా పరీక్షిస్తారు. చూపు స్థూలంగా 6/60 స్థాయికి తగ్గి ఉండాలి, లేదా చూపు పరిధి 40 డిగ్రీలకు కుంచించుకుపోయి ఉండాలి. పూర్తిగా చూపు లేనివాళ్లూ, మసకగా కనిపించేవాళ్లూ టాండెమ్‌లో ఒకే విభాగంలో తలపడతారు. పరీక్షలో అర్హత లేదని తేలితే అంతదూరం వెళ్లి తొక్కకుండానే తిరిగి రావాలి. పైలట్ కూడా అతనితోపాటే తిరుగు ప్రయాణం.

పైలట్‌కీ నిబంధనలు ఉన్నాయి. 2007 నుంచి ఈ క్రీడను నడుపుతున్నది అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య. దాని లైసెన్సు జాతీయ సమాఖ్య ద్వారా ఇద్దరూ తీసుకోవాలి. జంటలో ఇద్దరూ పురుషులో, ఇద్దరూ మహిళలో అయి ఉండాలి, ఒకే దేశం తరఫున దిగాలి. పెద్ద ప్రొఫెషనల్ జట్లలో ఒప్పందంపై తొక్కుతున్నవాళ్లు నేరుగా వచ్చి పైలట్ సీటు ఎక్కడానికి లేదు. లేకపోతే డబ్బున్న దేశాలు టూర్ డి ఫ్రాన్స్ వీరుల్ని తెచ్చి ముందు కూర్చోబెట్టేస్తాయి. మన ప్రాంతపు కుర్రాడికి ఈ నిబంధన మేలు చేసేదే.

డోపింగ్ పరీక్షలు ఇద్దరికీ ఉంటాయి. జలుబు చేసిందని ఊళ్లో మందుల షాపుకెళ్లి అడిగి తెచ్చుకునే కొన్ని మాత్రల్లో సూడోఎఫిడ్రిన్ ఉంటుంది. మోతాదు మించితే పోటీ సమయంలో అది నిషిద్ధం. పైలట్ మింగిన మాత్ర వెనుక కూర్చున్న మనిషి పతకాన్ని కూడా లాగేసుకుంటుంది. ఇంటి దగ్గర అమ్మ ఇచ్చిన కషాయం, జిమ్‌లో ఎవరో చెప్పిన పొడి, ఏదైనా సరే డాక్టరును అడగకుండా నోట్లో వేసుకోకూడదు.

ఇక వీసా. ఐరోపా పోటీలకైతే ఇద్దరూ హైదరాబాద్ వీసా కేంద్రానికి వెళ్లి వేలిముద్రలు వేసి రావాలి. ఒకరికి వచ్చి ఒకరికి రాకపోతే ప్రయాణం లేదు. ఇక్కడే ఈ జంట బంధం ఎంత గట్టిదో, ఎంత సున్నితమో తెలుస్తుంది. ఒంటరి క్రీడాకారుడికి తన పాస్‌పోర్టు ఒక్కటే చింత. పైలట్‌కి రెండు పాస్‌పోర్టుల చింత. సెలవు ఇవ్వని పైఅధికారి, పంట చేతికొచ్చే కాలం, చెల్లి పెళ్లి, ఏది అడ్డొచ్చినా ఆగిపోయేది ఇద్దరి ఏడాది కష్టం.

సైకిల్‌ని విమానం ఎక్కించడం ఒక ప్రహసనం. మామూలు రేసు సైకిల్‌ను చక్రాలు విప్పి పెట్టెలో పెడితే ఎలాగో సర్దుకుంటుంది. టాండెమ్ పొడవు దాదాపు రెండున్నర మీటర్లు. చక్రాలు, హ్యాండిళ్లు, పెడళ్లు విప్పినా ఫ్రేము ఫ్రేమే. ఒక్కో సామాను 32 కిలోలు దాటితే చాలా విమానసంస్థలు తీసుకోవు, పొడవుకీ పరిమితులు పెడతాయి. పెద్ద విమానంలో పట్టిన పెట్టె మధ్యలో మారే చిన్న విమానంలో పట్టకపోవచ్చు. అందుకే టికెట్టు కొనకముందే ఆ దారిలో ఏ రకం విమానాలు తిరుగుతాయో కనుక్కుని, సామాను విభాగం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడం తెలివైన పని. దిగాక కారు చాలదు, వ్యాను కావాలి. పెట్టె విప్పి బండి బిగించేది సాధారణంగా పైలటే. గేరు తీగ ఎక్కడ వంగింది, చైన్ ఎంత బిగువుగా ఉంది, హ్యాండిల్ బోల్టు ఎంత తిప్పాలి, ఇవి చేతికి వచ్చి ఉండాలి. మన ఊళ్లో సైకిల్ షాపు మేస్త్రీ దగ్గర కొన్ని నెలలు కూర్చుని నేర్చుకున్నవాడికి ఇది పెద్ద విద్యేమీ కాదు.

హోటల్ గదిలో అడుగుపెట్టగానే పైలట్‌కి మరో పని. మంచం ఎటు, స్నానాల గది తలుపు ఎటు తెరుచుకుంటుంది, వేడినీళ్ల కుళాయి ఏ వైపు, ప్లగ్గు ఎక్కడ, ఇవన్నీ ఒకసారి చేత్తో తడిమించి చూపించాలి. ఆ తర్వాత వస్తువు ఏదీ చోటు మార్చకూడదు. భోజనాల దగ్గర వరసగా పెట్టిన వంటకాలు ఏమిటో చదివి చెప్పాలి. మన నాలుకకి ఎక్కని తిండి మధ్య అన్నం ఎక్కడుందో వెతకడం ఇద్దరి పనీ. ఇదంతా చేస్తూ కూడా అవతలి మనిషి ఎదిగినవాడని, తన సంగతి తనకు తెలుసని మరచిపోకూడదు. అడిగినప్పుడు చెప్పడం, అడగనప్పుడు ఊరుకోవడం. చాలామంది మంచివాళ్లు కూడా తడబడేది ఈ రెండో దగ్గరే.

పోటీకి ముందురోజు దారి పరిశీలన ఉంటుంది. ఇద్దరూ మెల్లగా తొక్కుకుంటూ పోతారు. పైలట్ దారి వర్ణిస్తూ ఉంటాడు. ఇక్కడ కుడివైపు గట్టి మలుపు, ఇక్కడ రోడ్డు మధ్య దిమ్మె, ఇక్కడ రాళ్లు పరిచిన వీధి, ఇక్కడ మూడొందల మీటర్ల ఎగుడు. వెనుక మనిషి ఆ దారిని కాళ్లతో కంఠతా పడతాడు. ఎక్కడ దమ్ము దాచుకోవాలి, ఎక్కడ వదలాలి అన్న ఆలోచన ఆ రాత్రి ఇద్దరూ కూర్చుని చేస్తారు. ఐరోపాలో చాలా దేశాల్లో బండ్లు కుడివైపు నడుస్తాయి. రేసు దారిని మూసేస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. కానీ సాధన చేసేది మామూలు రోడ్ల మీదే. పుట్టినప్పటి నుంచీ ఎడమ పక్కన వెళ్లిన మనిషి నాలుగు రోడ్ల కూడలిలో క్షణం పరాకుగా ఉంటే చాలు, ప్రమాదం ఇద్దరికీ.

పోటీలో మాటలు చాలా తక్కువ. గేరు మార్చేముందు ఒక మాట, గుంత వస్తే ఒక మాట, సీటు మీంచి లేచి తొక్కేముందు ఒక మాట. నిజానికి లేవడం అన్నిటికన్నా కష్టం. ఒకరు లేచి ఇంకొకరు కూర్చునే ఉంటే బండి పాములా మెలికలు తిరుగుతుంది. జంటలు తమకు నప్పిన మాటలు తామే కల్పించుకుంటాయి. ఇద్దరూ తెలుగువాళ్లయితే "గుంత", "లేద్దాం", "వదులు", "ఎడమ" చాలు. పక్క జంటకు అర్థం కాకపోవడం అదనపు లాభం. రోడ్డు రేసులో పైలట్ చుట్టూ జరిగేది కూడా చెప్పాలి. ఎవరు ముందుకు ఉరికారు, ఎంత దూరం పెరిగింది, ఇప్పుడు వెంటపడదామా ఆగుదామా. నిర్ణయం ఇద్దరిదీ, సమాచారం ఒకరిది. తప్పు సమాచారం ఇచ్చే పైలట్‌తో ఎంత బలమైన క్రీడాకారుడైనా గెలవలేడు.

ఇంత పనికి మన మెట్ట ప్రాంతపు పిల్లలు సరిపోతారా? సరిపోతారనే అనాలి. పత్తి చేలల్లో, మిరప కల్లాల్లో పెరిగినవాళ్లకు శ్రమ కొత్త కాదు. ఎండ కూడా కొత్త కాదు, మే నెలలో నందిగామ ఎండను తట్టుకున్నవాడు ఎక్కడి ఎండనైనా తట్టుకుంటాడు. కావాల్సింది సాధన చేసేందుకు క్షేమమైన చోటు. జాతీయ రహదారి పనికిరాదు. ఐదు పారాలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఆస్ట్రేలియా టాండెమ్ వీరుడు కీరన్ మోడ్రా 2019లో సైకిల్ మీద వెళ్తూ కారు ఢీకొని చనిపోయాడు. సిమెంటు లారీలు, రాత్రి బస్సులు వరసగా పరుగెత్తే మన హైవే మీద టాండెమ్ తొక్కమని ఎవరూ సలహా ఇవ్వకూడదు. తెల్లవారుజామున ముక్త్యాల వైపో, చందర్లపాడు వైపో లారీలు పల్చగా ఉండే వేళ చూసుకుని తొక్కడం మొదలుపెట్టవచ్చు. అక్కడ కూడా వెనుక ఒక మోటార్‌సైకిల్ కాపలా ఉండాలి. ట్రాక్ అలవాటు కావాలంటే హైదరాబాద్ వెళ్లాలి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వెలోడ్రోమ్ ఉంది. చెక్కబల్లల ట్రాక్ కావాలంటే ఢిల్లీ. అదే ఢిల్లీ ట్రాక్ మీద 2024 ఫిబ్రవరిలో ఆసియా ట్రాక్ పోటీలు, పారా పోటీలతో కలిపి జరిగాయి. ఆసియాలో మలేషియా జంటలు టాండెమ్‌లో ఎప్పటినుంచో పతకాలు గెలుస్తున్నాయి. కాబట్టి ఇదేదో తెల్లవాళ్ల ఆట అని తోసిపుచ్చడానికి వీల్లేదు.

బండి ఖర్చు మాత్రం నిజమైన అడ్డంకే. పోటీకి పనికొచ్చే టాండెమ్ లక్షల్లో ఉంటుంది. ఒక కుటుంబం కొనే వస్తువు కాదది. క్రీడా ప్రాధికార సంస్థో, చుట్టుపక్కల ఉన్న పెద్ద సిమెంటు ఫ్యాక్టరీల సామాజిక బాధ్యత నిధులో అందుకోవాల్సిన చోటు అది. ఒక్క బండి ఒక జిల్లాలో ఉంటే దాని మీద పదిమంది పైలట్లు, పదిమంది అంధ క్రీడాకారులు నేర్చుకోవచ్చు. జతలు మార్చి మార్చి తొక్కించి చూస్తేనే ఎవరి కాలు ఎవరి కాలితో కలుస్తుందో తెలుస్తుంది. ఎత్తు, బరువు, తొక్కే వేగం, కోపం వచ్చే తీరు, ఇవన్నీ కలవాలి.

ఒకే బండిలో ఇద్దరు అనే ఆట మన రాష్ట్రానికి మరీ అపరిచితమూ కాదు. పారిస్‌లో ఆంధ్రప్రదేశ్‌కే చెందిన మాజీ సైనికుడు కొంగనపల్లె నారాయణ, అనితతో కలిసి జంట తెడ్ల పడవ పోటీలో దిగి ఎనిమిదో స్థానంలో నిలిచాడు. మందుపాతర పేలి కాలు పోయిన మనిషి నీళ్ల మీద మరొకరితో తెడ్డు కలిపి ఒలింపిక్ నగరం దాకా వెళ్లాడు. సైకిల్ మీద ఆ పని మొదలుపెట్టాల్సి ఉంది.

2026లో ఆసియా పారా క్రీడలు జపాన్‌లోని ఐచి, నగోయాల్లో. 2028లో పారాలింపిక్స్ లాస్ ఏంజెలిస్‌లో. ఈ రోజు మొదలుపెట్టే జంటకు మొదటిది బహుశా అందదు, రెండోదానికి మాత్రం కష్టపడితే అవకాశం ఉంది. సైకిల్ బాగా తొక్కే వయసు పిల్లలున్న కాలేజీలు, వ్యాయామ ఉపాధ్యాయులు ముందుగా చేయగల పని ఒకటుంది. తమ ఊళ్లో చూపు తగ్గిపోయి సైకిల్ మానేసిన పిల్లలు ఎవరున్నారో కనుక్కోవడం, హైదరాబాద్‌లోని పారా సైక్లింగ్ శిక్షకులకు కబురు పంపి, ఒక ఆదివారం టాండెమ్ తెప్పించి, ఏదైనా పెద్ద కాలేజీ మైదానంలో వాళ్లను వెనుక సీటులో కూర్చోబెట్టి చూడడం. మొదటి రోజు పైలట్ నేర్చుకోవాల్సింది వేగం కాదు, ఇద్దరూ ఎక్కి, పడకుండా బయల్దేరి, పడకుండా ఆగడం. చాలా జంటలకు ఆ ఒక్కదానికే మొదటి ఉదయమంతా పడుతుంది.